చీమ కుట్టినట్టయినా లేదు

సోమవారం

కోశారు, అరిగిన కీలు తీశారు, కొత్తది బిగించారు, కుట్టేశారు. మెలకువ రాగానే కుడి మోకాలు నాదేనా అని దుప్పటి ఎత్తి చూసుకున్నాను. నాదే. కానీ నొప్పి లేదు! వేలితో పొడిచాను. గిల్లాను. నమ్మకం కుదరక ఉప్మా చెంచాతో ఒక్కటిచ్చాను. ఊహూఁ! మత్తు డాక్టరు శౌరి గారు పరిగెత్తుకొచ్చి చెంచా లాక్కున్నారు.

"వీరవేణి గారూ, నొప్పి లేదంటే గాయం లేదని కాదమ్మా. లోపల చీమ కాపలా కాస్తోంది, అంతే" అన్నారు.

చీమంటే నిజం చీమ కాదు. బియ్యపు గింజలో సగముండే యంత్రం. మోకాలికి వెళ్ళే నరం పక్కన, తొడ లోపల కూర్చోబెడతారు. నొప్పి అని నోటితో అంటే చాలు, విని మందు చుక్క వదిలి నరం దారి మూసేస్తుంది. నొప్పి లేదంటే మందు దండగని దారి తెరిచేస్తుంది. మా అమ్మ కాలంలో ఇదే మందు సూదితో పెట్టేవారట. మూడో రోజుకి దిగిపోయేదట, ఆ పైన వార్డంతా గోలగోలట. మా చీమ రెండు వారాలు పనిచేసి, తరవాత దానంతటదే కరిగిపోతుంది.

రోజూ కాలి సంగతి రాయమన్నారు శౌరి గారు. కాలి సంగతి ఒక్కటే రాయమని ఒత్తి మరీ చెప్పారు. నా వల్ల అయ్యే పనేనా అది!

అసలు ఎందుకు కోయించుకున్నానో రాయొద్దూ? ఆకాశంలో మేముండే చక్రం తిరుగుతుంది గనకే మాకు బరువుంటుంది. అంచున ఉన్నది బరువు వీధి, ఇరుసు పక్కనున్నది తేలిక వీధి. మోకాళ్ళు అరిగిన వాళ్ళని తేలిక వీధికి పంపేస్తారు. అక్కడ ఒంటికి బరువుండదు, కీళ్ళకి సుఖం. తొమ్మిదేళ్ళుగా అక్కడే పడున్నాను. సుఖమేనండీ, ఎవరు కాదన్నారు? అట్టు వేస్తే పెనం మీద నిలవదు, నా నెత్తి మీదకే వస్తుంది. టీ సంచీలోంచి పీల్చుకోవాలి. నీళ్ళు కిందకి పడవు, ఉండలు కట్టి మొహం చుట్టూ తిరుగుతాయి, అందుకని స్నానమంటే తడిగుడ్డే. పసిపిల్లల్ని ఆ వీధికి రానివ్వరు. ఎముకలు గట్టిపడాలంటే బరువు కావాలట, ఐదేళ్ళు నిండాలట.

అదీ తంటా. మా అమ్మాయి గౌతమికి నెలలు నిండాయి. కాపురం బరువు వీధిలో. బిడ్డ పుట్టిన పదకొండో రోజున మొదటి నీళ్ళు పొయ్యాలి. పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, వాటి మీద బిడ్డని పడుకోబెట్టి, నలుగు పెట్టి, నీళ్ళు. మా అమ్మ నాకు పోసింది, నేను గౌతమికి పోశాను. కాలు తిన్నగా చాపలేని అమ్మమ్మ ఎందుకండీ, గోడ మీద బొమ్మలో చెయ్యి ఊపడానికా? అందుకే కోయించుకున్నాను. ఎడమ మోకాలు ఆరు నెలలు పోయాక చేస్తారట.

పక్క మంచం మీద ఎవరనుకుంటున్నారు? మా వియ్యపురాలు వజ్రమ్మ గారు. గౌతమి అత్తగారు. ఆవిడదీ తేలిక వీధే, అటు చివర. ఆవిడకి ఎడమ మోకాలు చేశారు. ఎందుకంటే ఆవిడ నానమ్మట, నీళ్ళు పోసే హక్కు ఆవిడదట! పైకి మాత్రం ఆవిడ నన్ను "వదినె" అని, నేనావిడని "వదినగారూ" అని. ఆవిడ నన్ను నువ్వంటుంది, అది వాళ్ళ వైపు ప్రేమ. నేను మీరంటాను, అది మా వైపు జాగ్రత్త.

చీమల్ని పెట్టినప్పుడు ఒక ముచ్చట జరిగింది. చీమ నిద్ర లేవగానే మొదట ఏ గొంతు వింటే ఆ గొంతే దాని యజమాని. శౌరి గారు తన నోటి మీద వేలేసుకుని, నన్ను మాట్లాడమని సైగ చేశారు. వియ్యపురాలు పక్కనుండగా నేను ముందు నోరు విప్పుతానా? మర్యాద ఉండొద్దూ! ముందు మీరు కానివ్వండని ఆవిడకేసి చెయ్యి చూపించాను.

"నాదేముంది, నువ్వే మాట్లాడు వదినె!" అందావిడ. అప్పుడు నేను మాట్లాడాను.

ఆవిడ మంచం దగ్గరా ఇదే తంతు. ఆవిడ పెదవి కదపకుండా నాకేసి చెయ్యి చూపించింది. "అయ్యయ్యో, పెద్దవారు, ముందు మీరే కానివ్వండి" అన్నాను. అప్పుడావిడ మాట్లాడింది. మా మర్యాదలు చూసి శౌరి గారికి ముచ్చటేసి నవ్వుకుంటూ వెళ్ళిపోయారు.

మంగళవారం

పొద్దున్నే గ్లాసులో టీ ఇచ్చారు. గ్లాసులో! ఈ ఆసుపత్రి మధ్య వీధిలో ఉంది, సగం బరువు. టీ అడుగున బుద్ధిగా కూర్చుంది. ఆ సంబరంలో ఉండగా వజ్రమ్మ గారు ఇటు తిరిగింది.

"వదినె, నొస్తుందా?"

"నాకా! చీమ కుట్టినట్టయినా లేదండి" అన్నాను, టీ జుర్రుతూ.

ఆవిడ మొహం ఒక్కసారిగా ముడుచుకుపోయింది. మంచం పట్టె పట్టుకుంది. పళ్ళ మధ్య నుంచి అంది. "నాగ్గూడ... ఏం లేదు. నొస్తనే లేదు. పువ్వు లెక్కున్న."

ఆ మాట పూర్తవడమేమిటి, నా మోకాల్లో ఎవరో గూటంతో బాదినట్టయింది. జివ్వున ప్రాణం నెత్తికెక్కింది. గ్లాసులో టీ ఒలికింది. చీమ ఏం చేస్తోందో! నిద్రపోయిందా? పక్కన వియ్యపురాలు. వియ్యపురాలి ముందు మూలిగితే ఆ మూలుగుని మూడు తరాలు చెప్పుకుంటారు. మొహాన నవ్వు పులుముకున్నాను.

"నన్ను కోలాటం ఆడమన్నా ఆడతానండి ఇప్పుడు" అన్నాను.

ఆవిడ కళ్ళు తేలేసింది. "నేను... గుట్టెక్కమన్న ఎక్కుత!" అంది.

నాకు కళ్ళలో నీళ్ళు ధారగా కారాయి.

"ఏంది వదినె, ఏడుస్తున్నవా?"

"ఆనందబాష్పాలండి. గౌతమి గుర్తొచ్చి."

మధ్యాహ్నం దుప్పటి తలమీదగా కప్పుకుని, "నొప్పే, నొప్పిగా ఉందే చీమా" అని గొణిగాను. ఏమీ మారలేదు. పక్క మంచం మీంచి మాత్రం హాయిగా కూనిరాగం మొదలైంది. ఒళ్ళు మండిపోయింది నాకు.

సాయంత్రం శౌరి గారు వచ్చి, "నొప్పి పదిలో ఎంత?" అనడిగారు.

"పర్లేదండి."

"పర్లేదంటే ఎంతమ్మా?"

"పర్లేదంటే పర్లేదేనండి."

"గంతే" అంది వజ్రమ్మ గారు. మేమిద్దరం ఒక్క మాట మీద నిలబడ్డది ఆ ఒక్కసారే.

బుధవారం

పుట్టింది! ఆడపిల్ల! గోడ మీద చూపించారు. ఇంతంత పిడికిళ్ళు, నెత్తి నిండా జుట్టు, ఆవలిస్తే మొహమంతా నోరే. నేను చప్పట్లు కొట్టాను. వజ్రమ్మ గారు ఈల వేసింది. ఆ వయసులో ఈల! నర్సులు పరిగెత్తుకొచ్చారు.

"ముక్కు మా గౌతమిదేనండి" అన్నాను.

"ముక్కు ఉండని వదినె, కాళ్ళు సూడు. మా తిరుమలేశుయే" అంది. తిరుమలేశు ఆవిడ కొడుకు, మా అల్లుడు. మనిషి తాడిచెట్టంత ఉంటాడు, పసిగుడ్డు కాళ్ళలో ఆయన కాళ్ళెక్కడ కనిపించాయో ఆవిడకే తెలియాలి.

ఆ సంతోషం గంటసేపు నిలవలేదు. శౌరి గారు మడమ కింద తువ్వాలు ఉండ పెట్టి, మోకాలి వెనక భాగాన్ని పరుపుకేసి అదమమన్నారు. అదమబోయాను. కళ్ళ ముందు చుక్కలు. కాలు విల్లులా వంగే ఉంది, కింద నుంచి చెయ్యి దూరిపోతోంది. వజ్రమ్మ గారిదీ అదే పరిస్థితి.

"ఇద్దరికీ చీమ కుట్టినట్టు కూడా లేదంటున్నారు. మరి కాలెందుకు చాపట్లేదు?" అన్నారు శౌరి గారు. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. "జాగ్రత్తగా వినండి. ఈ వారం చాపకపోతే కాలు ఇలాగే బిగుసుకుపోతుంది. వచ్చే సోమవారం బరువు వీధి గేటు దగ్గర పరీక్ష. కాలు పలక మీద పరిచినట్టుండాలి, నడవాలి. లేదంటే మళ్ళీ పైకే. ఇంకో పరీక్ష ఆరు నెలలకి గానీ పెట్టరు."

ఆరు నెలలకి ఆ పిల్ల బోర్లాపడి పాకుతుంది. దానికి మొదటి నీళ్ళు ఎవరో పోసేసి ఉంటారు. నేనెవరో దానికి గోడ మీది బొమ్మగా తెలుస్తుంది. అయినా వజ్రమ్మ గారు వింటుండగా నొప్పి అనడానికి నా నోరు రాలేదు చూడండి! ఎంత పాడు నోరో.

గురువారం

ఈ రోజు జరిగింది నవ్వాపుకుంటూ రాస్తున్నాను.

భోజనాలయ్యాక వజ్రమ్మ గారు గోడవైపు తిరిగి పడుకుంది. నిద్రపోయిందనుకున్నాను. ఇక ఆగలేక, దిండులో మొహం పెట్టి కడుపులో ఉన్నదంతా కక్కేశాను. "సలుపుతోందే, పీకుతోందే, పొడుస్తోందే, మండుతోందే, ఓ చీమ తల్లీ నొప్పే, నాయనోయ్, చచ్చిపోతున్నానే!"

నా కాలి మీద ఏమీ మారలేదు. నా మంచం మీద మాత్రం దభీమని పెద్ద బరువు పడింది.

తలెత్తి చూస్తే వజ్రమ్మ గారు! బాత్రూముకని లేచి చేతికర్ర పట్టుకుని రెండడుగులు వేసిందట, ఎడమ కాలు మాయమైందట. నా పాదాల దగ్గర అడ్డంగా పడి, తన కాలు తనే తడుముకుంటోంది.

"నా కాలేడ బోయింది వదినె? గిప్పుడే ఉండె!"

"దెబ్బ తగిలిందాండి?"

"లే. నాకేం నొస్తలేదు, మంచిగనే ఉన్న."

"అమ్మో!" అని గావుకేక పెట్టాను. మోకాల్లో మళ్ళీ గూటం.

ఆవిడ నాకేసి చూసింది. నేను ఆవిడకేసి చూశాను. వజ్రమ్మ గారి బుర్ర పాదరసం, అది ఒప్పుకోవాలి.

"వదినె, నొస్తలేదని ఒక్కసారి అను" అంది.

"నాకు నొప్పి లేదండి."

"ఓయవ్వో!" అని తొడ పట్టుకుంది. పళ్ళు బిగించుకునే, మొహం నిండా నవ్వు. "ఇగ నేనంట సూడు. నాకు నొస్తుంది, బాగ నొస్తుంది."

నా మోకాల్లోంచి గూటం మాయమైంది. చల్లటి మంచినీళ్ళు తాగినట్టు ప్రాణం చల్లబడింది. ఆవిడ అనడమేమిటి, నాకు తగ్గడమేమిటి!

అప్పుడు వెలిగింది. ముందు మీరు, ముందు మీరు! నా చీమ నిద్ర లేవగానే విన్నది "నువ్వే మాట్లాడు వదినె" అన్న ఆవిడ గొంతు. ఆవిడ చీమ విన్నది "ముందు మీరే కానివ్వండి" అన్న నా గొంతు. మా మర్యాద మండిపోనూ!

"అంటే మొన్న నువ్వు కోలాటమాడుత అన్నప్పుడు..." అంది ఆవిడ.

"మీరు గుట్టెక్కుతానన్నప్పుడు..." అన్నాను నేను.

"నువ్వు ఏడిస్తే నేను నిజంగనే బిడ్డ మీద ప్రేమ, పావురం అనుకున్న!"

"మీ కూనిరాగానికి నేను గొంతు పిసికేద్దామనుకున్నానండి!"

నవ్వు తన్నుకొచ్చింది. కుట్లు లాగుతున్నాయి, అయినా నవ్వు. ఆవిడ నా మంచం మీద నుంచి లేవలేదు, లేచే ఓపిక లేదు కదా. గొడవ విని శౌరి గారు వచ్చారు. సంగతి చెప్పాం. వినేసరికి ఆయన నేల మీద చతికిలబడ్డారు. "పదకొండేళ్ళుగా చీమలు పెడుతున్నాను. ముందు మీరు అనుకునే పేషెంట్లని ఇదే చూడటం" అన్నారు, తల పట్టుకుని.

శుక్రవారం

చీమకి గొంతు మార్చడం కుదరదట. పీకెయ్యాలంటే మళ్ళీ కోత, మళ్ళీ కుట్లు, సోమవారం గేటు పోతుంది. నోటి మాత్రలు ఎన్ని మింగినా కాలు చాపే వ్యాయామానికి ఆనవట.

"పోనీయండి డాక్టరుగారూ, అలాగే ఉంచెయ్యండి. ఆవిడ నొప్పి నేను చెప్తాను, నా నొప్పి ఆవిడ చెప్తుంది" అన్నాను.

"ఆమె నొప్పి మీకెలా తెలుస్తుందమ్మా?"

"అడుగుత" అంది వజ్రమ్మ గారు, అదేమంత పెద్ద విషయమా అన్నట్టు.

అడగడం తేలికే. నిజం చెప్పడమే కష్టమైంది. పొద్దున ఆవిడ నన్ను అడిగింది. "పర్లేదండి" అని నా నోరు దానంతటదే అనేసింది. ఆవిడ గుడ్లురిమి, "పర్లేదు గిర్లేదు నడ్వది. నొస్తుందా లేదా?" అంది. "నొస్తోందండి" అన్నాను. ఆ ఒక్క మాటకి నాకెంత తేలికైందో చెప్పలేను. మా ఆయన పోయాక ఎవరితోనూ ఆ మాట అనలేదు నేను.

ఇక ఆవిడ నా తరఫున మొదలెట్టింది. ఆవిడ చెయ్యి పెద్దది, నోరు ఇంకా పెద్దది. "ఓయవ్వో, సస్తున్న, పానం బోతుంది!" అంది. నా కాలు మొద్దులా చచ్చిపోయింది. నిలబడబోతే కుప్పకూలాను, శౌరి గారు పట్టుకోబట్టి సరిపోయింది.

"అంతొద్దమ్మా! నొప్పి చావాలి, కాలు చావకూడదు. నడవాలంటే కాలి బలం ఉండాలి" అన్నారు.

మధ్యాహ్నమంతా మాటల కొలతలు చూసుకున్నాం. "చచ్చిపోతున్నా" అంటే దారి పూర్తిగా మూత. "పీకుతోంది" అంటే ముప్పావు. సరిగ్గా కావాల్సినంత మూసే మాట చివరికి దొరికింది. ఆవిడ "జెర సల్పుతుంది" అనాలి, నేను "కొంచెం సలుపుతోంది" అనాలి. దీర్ఘం తియ్యకూడదు, ఏడుపు కలపకూడదు. కూరలో ఉప్పు వేసినట్టు చూసి వెయ్యాలి.

అలా ఒకళ్ళ మాట మీద ఒకళ్ళం మోకాలు అదిమాం. నాకు మోకాలి కింద సందు సగమైంది. ఇంకోటి కూడా తెలిసింది. వజ్రమ్మ గారికి నొప్పి మొదలయ్యే ముందు ఎడమ కనుబొమ లేస్తుంది. వియ్యమంది నాలుగేళ్ళయింది, ఆవిడ పెట్టే చీరలే చూశాను గానీ మొహం చూడలేదు నేను.

సోమవారం

గేటు!

బరువు వీధి లిఫ్టు దిగుతుంటే ఒళ్ళు గోనెసంచిలా అయింది. బుగ్గలు కూడా కిందకి లాగాయి. గేటు దగ్గర పరీక్ష చేసే ఆవిడ పొడుగ్గా, మొహాన నవ్వన్నది లేకుండా ఉంది. కాలు పలక మీద పెట్టమంది. మోకాలి కింద కాగితం దూర్చబోయింది. దూరలేదు! ఇద్దరికీ దూరలేదు. తరవాత నడక. కర్రతో ఈ గీత నుంచి ఆ గీత దాకా.

నేను బయల్దేరాను. వెనక నుంచి వజ్రమ్మ గారు అందుకుంది. "జెర సల్పుతుంది... జెర సల్పుతుంది..."

"నడిచేది ఆవిడైతే సలుపు మీకా?" అంది గేటు ఆవిడ.

"మాకు గంతే తల్లీ. వియ్యపురాండ్లం" అంది వజ్రమ్మ గారు.

చేరిపోయాను! నా చేతిలో ఆకుపచ్చ బిళ్ళ పెట్టారు. ఇక ఆవిడ వంతు. గీత మీద నిలబడి నాకేసి చూసింది. అప్పుడు, అబద్ధమెందుకు, నాకో పాడు బుద్ధి పుట్టింది. నేను నోరు మూసుకుంటే చాలు. ఒక్క నిమిషం. ఆవిడ పైకి, నేను లోపలికి. పిల్ల నాది, నీళ్ళు నావి, అడిగేవాళ్ళు లేరు.

ఆవిడ ఎడమ కనుబొమ లేచింది.

"కొంచెం సలుపుతోందండి!" అని అరిచాను, గేటు ఆవిడ ఉలిక్కిపడేంత గట్టిగా. "కొంచెం సలుపుతోంది! రండి వదినగారూ, రండి!"

వచ్చేసింది. గేటు దాటాక నా చెవిలో అంది. "ఇందాక నువ్వు మూడడుగులేసినంక నాకొక బుద్ధి పుట్టింది వదినె. నోరు మూసుకుందామా అని."

"ఛీ, అలాంటి బుద్ధి నాకు రాలేదండి" అన్నాను.

ఆవిడ నా మొహం చూసి పడీ పడీ నవ్వింది. ఆవిడా నా మొహం చదవడం నేర్చేసుకుంది మరి.

శనివారం

పదకొండో రోజు. శౌరి గారూ, ఇదే ఆఖరు పేజీ, రేపో మాపో చీమలు కరిగిపోతాయి. కాస్త ఓపిగ్గా చదవండి.

బాత్రూములో రెండు పీటలు వేశాడు తిరుమలేశు. పంపు కింద నీళ్ళు కిందకి పడుతున్నాయి, ధారగా, చప్పుడు చేస్తూ. కాసేపు ఇద్దరం అదే చూస్తూ నిలబడిపోయాం. నలుగుపిండి, నువ్వులనూనె, ఇత్తడి చెంబు అన్నీ సిద్ధం. గౌతమి పిల్లనెత్తుకుని గుమ్మంలో ఉంది.

"ముందు మీరు కూర్చోండి" అన్నాను.

"ఏ, నువ్వు తల్లి తల్లివి, ముందు నువ్వు."

"మీ ఇల్లు, మీ వంశం, ముందు మీరే."

"మీ మర్యాదలు తగలెయ్య, పిల్లకి చలేస్తుంది!" అని అరిచింది గౌతమి.

కూర్చున్నాను. కుడికాలు పీటలా చాపాను. ఎడమకాలు? పాత మోకాలు కదా, కొండలా లేచే ఉంది. ఒంటి కాలి మీద పిల్లనెలా పడుకోబెడతాను? లేచాను. వజ్రమ్మ గారు కూర్చుంది. ఎడమకాలు బ్రహ్మాండంగా చాచింది, కుడికాలు కొండ. ఇంత కోయించుకుని, ఇంత ఏడ్చి, ఇద్దరిలో ఒక్కరికీ రెండు కాళ్ళు లేవు! నాకు నిజంగా ఏడుపొచ్చింది.

వజ్రమ్మ గారు మాత్రం తన పీటని కుడివైపుకి ఈడ్చుకుంది. "ఏంది సూస్తున్నవ్? రా, నా ఎడమ పక్క కూసో."

కూర్చున్నాను. నా కుడికాలు, ఆవిడ ఎడమకాలు పక్కపక్కన. రెండు కొత్త మోకాళ్ళు, మధ్యలో చక్కటి పల్లం. అచ్చం ఒక్క మనిషి కాళ్ళే! గౌతమి నూనె రాసిన పిల్లని ఆ పల్లంలో పడుకోబెట్టింది.

నాకేమీ తెలియలేదు. కంటికి పిల్ల కనిపిస్తోంది, కాలికి పిల్ల లేదు. పొద్దున ఆవిడ నా తరఫున "పీకుతుంది" అనేసింది, నరం దారి దాదాపు మూత. ఆవిడకీ అంతే, ఆవిడ తరఫున నేనూ అనేశాను. నూనె పిల్ల. కాలు తన్నింది, పల్లంలోంచి జారింది. నా కాలు కదిలి అడ్డుకోవాలి కదా? దానికి తెలిస్తే కదా! గౌతమి కెవ్వుమని వంగి పట్టుకుంది.

నొప్పి తెలియని కాలికి పిల్ల కూడా తెలియదు. నీళ్ళు కాగి ఉన్నా తెలియదు. పంపు మీద అంకె చూసుకోవచ్చని అల్లుడు అన్నాడు. పంపు మాట నమ్మి పసిగుడ్డుకి నీళ్ళు పోస్తారా ఎవరైనా? బిడ్డ జారేది ఏ అంకె చెప్తుంది?

"వదినగారూ, నరం దారి తెరిపించాలండి" అన్నాను.

ఆవిడ ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. "నొస్తది వదినె. మస్తు నొస్తది."

"నాకూ నొస్తుందండి. నొయ్యనివ్వండి."

"అయితే ఇద్దరం ఒక్కసారే అందాం. గిప్పుడు ముందు నువ్వు ముందు నేను అనకు!"

ఇద్దరం గొంతెత్తి, వీధి చివరి దాకా వినపడేట్టు అరిచాం.

"నాకు చీమ కుట్టినట్టయినా లేదండీ!"

"నాకు సీమ కుట్టినట్టు గూడ లేదు!"

వచ్చింది. తొడ నుంచి మడమ దాకా, పొడుస్తూ, మండుతూ, సలుపుతూ, ఉన్న మాటలన్నీ ఒక్కసారే. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను, ఆవిడ నా చెయ్యి నలిపేసింది. ఆ నొప్పి వెనకాలే, దాని తోక పట్టుకుని వచ్చినట్టు, ఇంకోటి వచ్చింది. మెత్తగా, జిడ్డుగా, చిన్న వీపు. చిన్న మడమలు. తొమ్మిదేళ్ళుగా ఏ బరువూ ఎరగని కాలి మీద ఒక మనిషి బరువు.

"ఉంది వదినగారూ! ఉందండీ పిల్ల!" అని ఏడుస్తూ నవ్వాను.

"ఉంది, ఉంది! తన్నుతుంది ముండ!" అంది ఆవిడ, ముక్కు ఎగబీలుస్తూ.

ఇద్దరం నలుగు పెట్టాం. పిల్ల జారినప్పుడల్లా ఏ కాలు అవసరమైతే ఆ కాలు లేచింది. నీళ్ళు పిక్క మీద పోసుకుని చూశాను, సరిపోయింది. చెంబు ముంచి ఆవిడకిచ్చాను.

"ముందు మీరు పొయ్యండి."

"కాదు, ముందు నువ్వు." ఆవిడ చెంబు వెనక్కి నెట్టింది.

"పెద్దవారు, మీరే కానివ్వండి."

"అమ్మమ్మవు, నువ్వే..."

చెంబు మా ఇద్దరి మధ్యా అలా ఉండగానే పిల్ల కాళ్ళు పైకెత్తింది. ఒక్కసారి మమ్మల్నిద్దర్నీ చూసింది. ముందు నేను అన్నట్టుగా, మా ఇద్దరి కాళ్ళ మీదా మొదటి నీళ్ళు తనే పోసేసింది.

శౌరి గారూ, కాలి సంగతి ఒక్కటే రాయమన్నారు కదా. రాస్తున్నాను. వెచ్చగా తెలిసింది.